ముందు సమీక్ష విడివిడిగా, తర్వాత చర్చ కలిసి

ప్రశ్న: మా విభాగం తరఫున వర్క్‌షాపు పెడుతున్నాం. 30 పేపర్లు రావచ్చు. సమీక్షకులు 18 మంది, తలా ఒక ఊళ్లో ఉన్నారు. అందరికీ ఒకే గూగుల్ షీట్ ఇచ్చి, మార్కులూ వ్యాఖ్యలూ అందులోనే రాయమంటే సరిపోతుందా?
– అధ్యాపకురాలు, కాకినాడ

జవాబు: ఏ పేపరు ఎవరికి వెళ్లిందో రాసుకోవడానికి షీట్ చాలు. సమీక్షలు మాత్రం అందులో రాయించకండి. సీనియర్ ప్రొఫెసర్ ‘పస లేదు’ అని రాసిన గడి పక్కనే కొత్త లెక్చరర్ ‘బాగుంది’ అని రాయడానికి జంకుతారు. మూడు అభిప్రాయాలు అడిగితే ఒకటే మూడుసార్లు చేతికొస్తుంది. ట్యాబ్ దాచినా లాభం లేదు, ఎడిట్ హక్కు ఉన్నవాళ్లెవరైనా దాన్ని తెరవగలరు.

ఇప్పుడు న్యూరిప్స్ అంటున్న కృత్రిమ మేధ పరిశోధన సదస్సులో 2014లో 166 పేపర్లను రెండు కమిటీలకు విడివిడిగా ఇచ్చి చూశారు. దాదాపు నాలుగో వంతు పేపర్లపై తీర్పులు కలవలేదు. తేడాలు సహజం, అవి బయటపడాలి.

సమీక్షలు నడిపే ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్లు వాడండి. ఈజీచైర్, హాట్‌సీఆర్‌పీ, ఓపెన్‌రివ్యూ – మీ అవసరానికి ఏదైనా సరే. తన సమీక్ష పంపేదాకా ఇతరులవి కనిపించకుండా చేసే సెట్టింగును మొదటిరోజే పెట్టేయండి. ఓపెన్‌రివ్యూ అయితే ఒక జాగ్రత్త: సంస్థ ఈమెయిల్ కాకుండా జీమెయిల్‌తో ఖాతా తెరిస్తే ఆమోదానికి రెండు వారాల దాకా పట్టవచ్చు. మన కాలేజీల్లో చాలామందిది జీమెయిలే కాబట్టి నెల ముందే ఖాతాలు తెరిపించండి.

పేపరుకు మూడు చొప్పున 90 సమీక్షలు, తలా ఐదు. చివర్లో ఒకరిద్దరు చేతులెత్తేస్తారు, అందుకే ముగ్గురిని అదనంగా సిద్ధంగా ఉంచుకోండి. ఒకే కాలేజీవారు, గైడ్లు, సహరచయితలు ఎవరో ముందే గుర్తించి, వారి పేపర్లు వారికి వెళ్లకుండా చూడండి. రాయడానికి మూడు వారాలు, చర్చకు ఐదు రోజులు ఇవ్వండి.

చర్చకు పేపర్లు ఎంచేటప్పుడు సగటును నమ్మకండి. మైనస్ 3 నుంచి 3 దాకా ఉండే స్కేలు మీద 2, 2, మైనస్ 2 వచ్చిన పేపరుకూ, 1, 1, 0 వచ్చిన పేపరుకూ సగటు ఒకటే, 0.67. రెండోదాని మీద పెద్దగా మాట్లాడేదేమీ లేదు. మొదటిదాంట్లో మాత్రం ఒకరు పట్టుకున్న తప్పు మిగతా ఇద్దరి కంట పడలేదేమో! ఆ ముగ్గురినీ తప్పకుండా మాట్లాడించండి.

ప్రశ్న: పేపరు మీద పేర్లు తీసేసి పంపాను. అయినా రాసింది నేనేనని సమీక్షకులకు తెలిసిపోయింది. ఎలా?
– పరిశోధక విద్యార్థి, వరంగల్

జవాబు: ముందు పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో ‘ఆథర్’ గడి చూడండి. వర్డ్ ఫైలులోని పేరు అక్కడికి వచ్చి ఉండవచ్చు. పీడీఎఫ్ చేసేముందే వర్డ్‌లో ‘ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్’ నడిపి తీసేయాలి. ‘మా గత పేపరులో’ అన్న మాట, కృతజ్ఞతలు, ఫెలోషిప్ నంబరు, మీ పేరున్న గిట్‌హబ్ (కోడ్ పెట్టే సైటు) లింకు కూడా పట్టిస్తాయి. సమీక్షకులకూ ఇదే చిక్కు: పీడీఎఫ్ మీద పెట్టిన కామెంట్లలో వాళ్ల పేరు ఉండిపోతుంది. ఆ ఫైలు పంపకుండా, వ్యాఖ్యలను ఫారంలో టైపు చేయడమే క్షేమం.