వెనక బ్రేకుల ఖర్చు: డెట్రాయిట్‌లో దిగిన చిత్తూరు తమ్ముడికి

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. ఎమ్మెస్ కోసం ఆగస్టులో డెట్రాయిట్ వచ్చాను. ముగ్గురు రూమ్మేట్లం కలిసి పాత కారు కొన్నాం. బ్రేకు వేస్తే వెనక కీచుమంటోంది. షాపులో చూపిస్తే వెనక ప్యాడ్లు అరిగిపోయాయి, 320 డాలర్లు అవుతుందన్నారు. ఇంటి దగ్గర మేమే మార్చుకోవచ్చా? యూట్యూబ్‌లో చూస్తే ఇరవై నిమిషాల పనిలా ఉంది.

జవాబు: 320 అనగానే నువ్వు ఫోను తీసి గుణించుంటావు. పాతిక వేలు దాటుతుంది. చిత్తూరులో మీ నాన్న కారు మొత్తం సర్వీసు చేయించినా అంత కాదని ఇంటికి ఫోన్ చేసి చెప్పి కూడా ఉంటావు. తప్పులేదు తమ్ముడూ. మా ఆవిడ ఎంత నవ్వినా నేను ఇవాళ్టికీ గుణిస్తూనే ఉంటాను. "అలా గుణించకూడదు అన్నా, డాలర్లలో ఆలోచించాలి" అని సలహా ఇచ్చినవాళ్ల క్రెడిట్ కార్డు బిల్లులు నేను చూశాను.

మీరే మార్చుకోవచ్చు. ఆ 320లో ప్యాడ్ల ఖరీదు కొంచెమే, మిగతాదంతా కూలీ, దుకాణం ఖర్చులు. విడిభాగాల షాపులో రెండు వెనక చక్రాలకూ కలిపి ఒక సెట్టు 40, 60 డాలర్లలో మంచిదే దొరుకుతుంది. కానీ ముందు చక్రాల ప్యాడ్లు మార్చడం వేరు, వెనక చక్రాలవి మార్చడం వేరు. ఆ తేడా తెలియక నేను ఎంత తగలేశానో చెబుతాను, విను.

నేను మిషిగన్‌లో దిగింది 2008లో. డాలరు అప్పుడు అటూ ఇటూగా నలభై అయిదు రూపాయలు. కంపెనీలు వరసపెట్టి మనుషుల్ని తీసేస్తున్న రోజులు. నాకు ఉద్యోగం ఉందిగానీ రేపు ఉంటుందో లేదో తెలియదు. పైగా చదువు కోసం తిరుపతిలో ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు. అప్పుడే నా పాత జపాన్ కారుకి వెనక బ్రేకులు అరిగాయి. షాపువాడు చెప్పిన రేటు విని, మా నాన్న పెన్షన్‌తో పోల్చుకుని, దణ్ణం పెట్టి బయటికి వచ్చేశాను.

రేణిగుంట రోడ్డులో మా నాన్న కారు చూసే మెకానిక్ అన్న ఒకాయన ఉన్నాడు. చెయ్యి మంచిది. శనివారం రాత్రి ఇక్కడి నుంచి ఫోన్ చేస్తే అక్కడ ఆదివారం పొద్దున, షెడ్డులో తీరిగ్గా ఉన్నాడు. "ఏముంది సామీ! చక్రం ఊడదీసి, క్యాలిపర్ పైకెత్తి, పాత ప్యాడ్ అడ్డం పెట్టి సీ క్లాంపుతో పిస్టన్ లోపలికి నొక్కేయ్. కొత్తది పెట్టి బిగించేయ్" అన్నాడు. క్యాలిపర్ అంటే డిస్కును రెండు వైపులా పట్టుకుని ప్యాడ్లను అదిమే భాగం, అందులో ప్యాడ్‌ను తోసేది పిస్టన్. ఆయన చెప్పింది ముందు చక్రాల పద్ధతి. ఆయన్ని అనడానికి లేదు. మన దగ్గర వ్యాగన్ ఆర్, స్విఫ్ట్ లాంటి చిన్న కార్లకు వెనక ఉండేది డ్రమ్ములు, అందులో ప్యాడ్ల బదులు షూలు. వెనక డిస్కు బ్రేకులున్న కార్లు ఆయన షెడ్డుకు అప్పట్లో ఎన్ని వచ్చుంటాయి?

మర్నాడు అపార్ట్‌మెంటు పార్కింగ్‌లో కూర్చుని క్లాంపు పెట్టి బిగించాను. పిస్టన్ కదల్లేదు. ఇంకాస్త బిగించాను. తుప్పు పట్టి ఉంటుందిలే అనుకుని, క్లాంపు పిడికి ఇనప గొట్టం తగిలించి బలమంతా పెట్టాను. లోపల టక్కుమంది. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు కింద నుంచి బ్రేక్ ఆయిల్ కారడం మొదలైంది.

ఎందుకలా అయిందో నాకు తర్వాత తెలిసింది. చాలా కార్లలో వెనక క్యాలిపర్‌కు రెండు పనులు. పెడల్ తొక్కినప్పుడు ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ బయటికొచ్చి ప్యాడ్‌ను డిస్కుకు అదమాలి. హ్యాండ్ బ్రేక్ లాగినప్పుడు కేబుల్ ఒక చిన్న మీటను తిప్పితే, లోపలి స్క్రూ అదే పిస్టన్‌ను తొయ్యాలి. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ ఆ స్క్రూ మీద ముందుకు జరిగి తనంత తానే సర్దుకుంటుంది. అలా స్క్రూ మీద బయటికొచ్చినదాన్ని నొక్కితే వెనక్కి పోదు. సీసా మూత బిగించినట్టు తిప్పుకుంటూ లోపలికి పంపాలి. దానికి విండ్ బ్యాక్ టూల్ అని ఒక సాధనం ఉంది. అది కొనక్కర్లేదు కూడా. పెద్ద విడిభాగాల షాపుల్లో దాని ధర డిపాజిట్‌గా కట్టించుకుని చేతికిస్తారు, తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కి ఇస్తారు. అంటే ఉట్టి పుణ్యానికి దొరికే సామాను వాడక నేను క్యాలిపర్ నాశనం చేశాను. కారును లాక్కుపోయే బండికి కొంత, రీబిల్ట్ క్యాలిపర్‌కి కొంత, బ్రేకుల్లో చేరిన గాలి తియ్యడానికి కొంత. అన్నీ కూడితే షాపువాడు మొదట చెప్పినదానికన్నా ఎక్కువే తేలింది. ఇంట్లో మాత్రం యాభై డాలర్లలో అయిపోయిందని చెప్పాను. మా నాన్నకి ఇప్పటికీ అదే లెక్క.

దానికి ముందు ఇంకో తెలివైన పని కూడా చేశాను. ప్యాడ్లు అరిగేకొద్దీ బానెట్ కింది డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గుతుంది, అది మామూలే. నేను అది చూసి, తగ్గిపోయిందని నిండా పోసేశాను. పిస్టన్ వెనక్కి పోయినప్పుడు ఆ ఆయిల్ మళ్లీ డబ్బాలోకే రావాలి కదా! ఆ తర్వాత రెండో వైపు పని చేసుకుంటుంటే అది పొంగి ఫెండర్ మీదికి కారింది. బ్రేక్ ఆయిల్ రంగును తినేస్తుంది. కారు అమ్మేటప్పుడు కొనేవాడు ఆ మచ్చ చూపించి మరీ రేటు తగ్గించాడు.

ఇప్పుడు నీ కారు సంగతి. షాపువాడు ప్యాడ్లన్నాడంటే నీకు వెనక ఉన్నది డిస్కే అయ్యుండాలి, అయినా ముందు అది చూసుకో. డిస్కయితే హ్యాండ్ బ్రేక్ ఎలాంటిదో చూడు. లాగేది, కాలితో తొక్కేది అయితే సరే. మీట లేకుండా ఉట్టి బటన్ ఉంటే అది ఎలక్ట్రానిక్ బ్రేకు, క్యాలిపర్ వెనక చిన్న మోటారు ఉంటుంది. దాన్ని సర్వీస్ మోడ్‌లో, అంటే రిపేరు కోసం మోటారు వెనక్కి తగ్గే స్థితిలో, పెట్టకుండా పిస్టన్ జోలికి పోతే మోటారు, గేర్లు పాడవుతాయి. కొన్ని కార్లకు బటన్, పెడల్ వరసగా నొక్కితే ఆ మోడ్ వస్తుంది, కొన్నింటికి కారు కంప్యూటర్‌కి తగిలించే స్కానర్ కావాలి. మాన్యువల్‌లోనో, మీ మోడల్ పేరుతో వెతికితేనో తెలుస్తుంది. కొన్ని కార్లలో హ్యాండ్ బ్రేక్‌కి డిస్కు లోపల విడిగా చిన్న డ్రమ్ము ఉంటుంది. వాటికి మాత్రం మా మెకానిక్ అన్న చెప్పినట్టు నొక్కితే చాలు. ఈ వేసవిలో తిరుపతి వచ్చినప్పుడు ఆయన్ని కలిశాను. షెడ్డులో స్కానర్ పెట్టుకున్నాడు. ఇప్పుడు మన దగ్గరా వెనక డిస్కులు, బటన్ బ్రేకులు వచ్చేశాయి కదా. పాత సంగతి గుర్తు చేస్తే, "అది స్క్రూ పిస్టన్ అని నువ్వు చెప్పలేదు గదా సామీ" అని తప్పు నా మీదికే తోశాడు.

అపార్ట్‌మెంటు పార్కింగ్‌లో రిపేర్లు చెయ్యకూడదని చాలా లీజుల్లో ఉంటుంది. మీది చదువుకో. ఇల్లున్న తెలుగువాళ్ల డ్రైవ్‌వే అడిగితే కాదనరు. ఈ పని నేర్చుకున్నాక స్నేహితుల కార్లు బాగుచేసి డబ్బు తీసుకోవద్దు, స్టూడెంట్ వీసాకి చేటు. వివరాలు యూనివర్సిటీ ఆఫీసులో అడుగు.

డబ్బు మిగల్చకూడని చోటు ఒక్కటే, జాకీ స్టాండ్లు, అంటే జాకీతో లేపిన కారును కింద నుంచి మోసే ఇనప స్టాండ్లు. మీ బ్యాచ్ పిల్లలు కాఫీకి ఆరు డాలర్లు పెడతారు గానీ నలభై డాలర్ల స్టాండ్లు కొనమంటే కారుతో వచ్చిన జాకీ ఉందిగా అంటారు. ఆ జాకీ స్టెప్నీ మార్చడానికి. దాని మీద కారు నిలబెట్టి కిందికి చెయ్యి పెట్టకు. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ముందు రీకాల్ జాబితా చూడు, 2020లో అమెరికాలో లక్షల స్టాండ్లను వెనక్కి పిలిచారు. చెయ్యి విరిగితే కట్టు కట్టించుకోవడానికి పుత్తూరు పక్కన లేదు నాయనా. ఇక్కడ ఎమర్జెన్సీలో అడుగు పెడితే వచ్చే బిల్లు ముందు నీ 320 ఏ మూలకీ రాదు.

కారు చదునైన సిమెంటు నేల మీద పెట్టు. చేసేది వెనక చక్రాలు కాబట్టి హ్యాండ్ బ్రేక్ తీసెయ్యాలి. లాగి ఉంటే క్యాలిపర్ ఊడిరాదు. గేరు పార్కులో పెట్టి, ముందు చక్రాలకు ముందూ వెనకా అడ్డం పెట్టు. చక్రాల నట్లు కారు నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసి, తర్వాత పైకి లేపి స్టాండ్ల మీద నిలబెట్టు. రెండు వైపులూ ఒకేసారి విప్పకు. ఒకటి విప్పి ఉంటే, ఏది ఎలా ఉండాలో రెండోది చూసి పోల్చుకోవచ్చు. మార్చడం మాత్రం రెండు వైపులా మార్చాలి, డబ్బు మిగులుతుందని ఒక్క వైపే మార్చడం కుదరదు.

క్యాలిపర్ బోల్టులు విప్పాక దాన్ని బ్రేక్ గొట్టం మీద వేలాడనివ్వకు. తీగతో చక్రం వెనకున్న స్ప్రింగుకి కట్టు. పాత ప్యాడ్లు తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూడు. కొత్తప్పుడు పది మిల్లీమీటర్ల చుట్టూ ఉండే ప్యాడ్ మూడుకి వచ్చిందంటే మార్చాల్సిందే. నీకు వినిపిస్తున్న కీచు, ఆ మట్టానికి రాగానే డిస్కుకు రాసుకునేలా ప్యాడ్‌కి పెట్టిన చిన్న రేకుది కావచ్చు. లోపలి ప్యాడ్ పూర్తిగా అరిగి బయటిది అలాగే ఉంటే క్యాలిపర్ జరిగే పిన్నులు పట్టేశాయన్నమాట. మీ డెట్రాయిట్‌లో ఇది ఎక్కువ. చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు పోస్తారు, అది కింది ఇనుమంతా తినేస్తుంది. డెట్రాయిట్ నేల కింద, వెయ్యి అడుగుల పైచిలుకు లోతులో ఉప్పు గనే ఉంది, కాబట్టి వాళ్లకి కొరతేం లేదు! పిన్నులు లాగి, తుడిచి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు రాసి పెట్టు. రెండు మూడు డాలర్ల పని. ఇది వదిలేసినవాళ్లు ఏడాది తిరక్కుండా మళ్లీ ప్యాడ్లు కొంటారు. గ్రీజు ప్యాడ్ మొహానికీ, డిస్కుకీ అంటకూడదు. అంటితే బ్రేక్ క్లీనర్‌తో డిస్కు తుడిచెయ్, ప్యాడ్‌కి పట్టిందంటే అది పనికిరాదు. దుమ్ము నోటితో ఊదకు.

డిస్కు మీద కనీస మందం అచ్చేసి ఉంటుంది. అంతకన్నా పల్చబడినా, లోతైన గాట్లు పడినా డిస్కులు కూడా మార్చాలి. అప్పుడు ఖర్చు పెరుగుతుంది, అయినా షాపు లెక్కకి చాలా తక్కువే.

ఇక పిస్టన్. బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బా మూత వదులు చెయ్, చుట్టూ గుడ్డ కప్పు. టూల్ పెట్టి మెల్లగా తిప్పు. చాలావాటికి కుడివైపు తిప్పాలి, కొన్ని కార్లలో ఒక వైపు క్యాలిపర్‌కి ఎడమకి తిప్పాలి, మీ కారుది ముందే చూసుకో. తిప్పేటప్పుడు రబ్బరు మెలిపడకుండా చూడు. పూర్తిగా లోపలికి పోయాక, పిస్టన్ మొహం మీద గాడులు ఉంటాయి. ప్యాడ్ వీపున చిన్న బుడిపె ఉంటే, గాడి సరిగ్గా దాని మీద కూర్చునేలా తిప్పి ఆపాలి. బలం పెట్టాల్సి వస్తోందంటే అక్కడితో ఆగు. నా ఇనప గొట్టం గుర్తు చేసుకో.

కొత్త ప్యాడ్లు పెట్టి, క్యాలిపర్, చక్రం, ఆయిల్ డబ్బా మూత బిగించి కారు దించాక, నట్లు టార్క్ రెంచితో, అంటే ఎంత బలంతో బిగుస్తోందో తెలిపే రెంచితో, ఒకటి విడిచి ఒకటిగా బిగించు. చిన్న కార్లకు 80 ఫుట్ పౌండ్ల చుట్టూ ఉంటుంది, మీ అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ఆ రెంచి కూడా షాపులో డిపాజిట్ మీద ఇస్తారు. ఇంజిన్ వేసి గేరు మార్చే ముందు బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా తొక్కు. మొదటిసారి పెడల్ నేలకు పోతుంది, అది తెలియక రివర్సు వేసి పక్కవాడి కారుని గుద్దినవాళ్లున్నారు. అప్పుడు ఇన్సూరెన్సు ప్రీమియం పెరుగుతుంది, అది నెలనెలా పోయే డబ్బు.

ఖాళీ రోడ్డులో మెల్లగా కొన్నిసార్లు బ్రేకు వేసి, కాసేపు నడిపి, ఆపి వాసన చూడు. కొండ దిగి అలిపిరి చేరిన బండ్ల దగ్గర వచ్చే బ్రేకు కాలిన వాసన నీకు తెలుసు కదా. దిగడానికి 40 నిమిషాలు పట్టాలని నియమం ఉన్నా, తొందరలో కొందరు బ్రేకు మీదే కాలు వేసి దిగుతుంటారు. కొత్త ప్యాడ్లు మొదట్లో కొంచెం వాసన వెయ్యడం సహజం. కానీ ఒక్క చక్రం దగ్గరే ఘాటుగా వస్తూ, ఆ వైపు మరీ వేడిగా ఉందంటే ఏదో పట్టేసింది. ఆయిల్ చెమ్మ కనిపించినా, పెడల్ మెత్తగా ఉండిపోయినా కారు నడపకు. ఆ రోజు మాత్రం షాపువాడికి డబ్బు కట్టు, గుణించకుండా.

ముగ్గురూ డిసెంబరు చలి రాకముందే చేసుకోండి. స్టాండ్ల ఖర్చు కూడా ముగ్గురికీ పంచు, కానీ అవి ఎవరి దగ్గర ఉండాలో ముందే మాట్లాడుకోండి, చదువయ్యాక అదే గొడవ. టూల్ తిరిగిచ్చేటప్పుడు రసీదు, డిపాజిట్ కట్టిన కార్డు రెండూ తీసుకెళ్లు. డబ్బు కార్డులో పడిందో లేదో ఆ వారం చూసుకో. పడకపోతే రసీదు తీసుకుని మళ్లీ షాపుకి వెళ్లు.