మావాడు ఇంట్లో స్టూడియోకి లక్ష అడుగుతున్నాడు, ఇవ్వమంటారా?

ప్రశ్న: మావాడు విజయనగరంలో బీకాం రెండో ఏడు. ఊళ్లో భజనలకి కీబోర్డు వాయిస్తాడు. ఇంట్లోనే పాటలు చేస్తానని మైకు, స్పీకర్లు, సాఫ్ట్‌వేర్‌కి కలిపి లక్ష అడుగుతున్నాడు. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉంది. – ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: ఇప్పుడే లక్ష వద్దండి. మొదటి మూడు నెలలకు వైరున్న, చెవుల్ని పూర్తిగా కప్పే మంచి హెడ్‌ఫోన్లు చాలు. బ్లూటూత్‌వి పనికిరావు, మీట నొక్కిన కాసేపటికి గానీ మోగవు. కీబోర్డు వెనక చదరపు యూఎస్‌బీ రంధ్రం ఉందేమో చూడమనండి. ఉంటే ప్రింటరు వైరుతో ల్యాప్‌టాప్‌కి కలపవచ్చు, వేరే మిడి కీబోర్డు (నొక్కిన మీటల సంకేతాల్ని కంప్యూటర్‌కి పంపేది) కొననక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్‌కి రీపర్ (పాటలు రికార్డు చేసి కలిపే ప్రోగ్రాం) తీసుకోమనండి. 60 రోజులు ఉచితంగా చూడవచ్చు, తర్వాత వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. అందులో వాయిద్యాలు పెద్దగా రావు, ఉచిత ప్లగిన్లు (దానికి తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్లు) విడిగా దించుకోవాలి. క్రాక్ చేసినవి మాత్రం వద్దు, వాటితో పాటే వైరస్ కూడా దిగుతుంది. వాయిస్తుంటే శబ్దం ఆలస్యమైతే ఏసియో డ్రైవర్ (ఆ ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్) వేసి, బఫర్‌ని (కంప్యూటర్ ఒక్కోసారి కూడబెట్టుకునే శబ్దపు ముక్క) 128కి తగ్గించాలి. చిటపటలొస్తే 256. మిక్సింగ్ (రికార్డు చేసినవన్నీ కలిపి సరిచేసే) వేళ 1024 పెట్టినా ఇబ్బంది లేదు.

సొంత ట్యూను తర్వాత. తెలిసిన పాట ఒకటి తీసుకుని డ్రమ్స్, బేస్, రెండు వాయిద్యాలతో మొదటినుంచి చివరిదాకా మళ్లీ కట్టమనండి. చాలామంది పల్లవి దగ్గరే ఆగిపోయి కొత్త ప్లగిన్ల వేటలో పడతారు. అలా రెండు పాటలు పూర్తిచేసి చూపిస్తే అప్పుడు ఆడియో ఇంటర్‌ఫేసు (మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె), మైకు కొనివ్వండి. మొత్తం ఖర్చు ముప్పై వేలు దాటకుండా చూసుకోవచ్చు.

మైకు దగ్గరే డబ్బు తగలేస్తారు. ఫ్యాను తిరుగుతూ, వీధిలో హారన్లు మోగే గదిలో అతి సున్నితమైన కండెన్సర్ మైకు అన్నింటినీ పట్టేస్తుంది. దగ్గరి శబ్దాన్నే ఎక్కువగా పట్టే డైనమిక్ మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టి, ఫ్యాను ఆపి పాడితే చాలు. గట్టిగా పాడిన చోట మీటరు మైనస్ 12, మైనస్ 10 డీబీ మధ్య ఆగాలి. ఎరుపు తగిలి పగిలిన శబ్దాన్ని తర్వాత ఏ ప్లగినూ పూర్తిగా బాగుచేయలేదు. ఛార్జరు తీయగానే గుయ్‌మనే మోత ఆగిందంటే ఎర్తింగ్ చూపించండి. మూడో పిన్ను మాత్రం విరగ్గొట్టకండి.

గొంతుకి 80–100 హెర్ట్జ్ కిందున్న లోతు శబ్దాన్ని కోసేయమని యూట్యూబ్‌లో అందరూ చెబుతారు. జముకుల కథలో వాయించే జముకుకి అదే చేస్తే దాని అడుగు గుమ్‌మనడం పోతుంది. మన జానపద నృత్యం తప్పెటగుళ్ల లయనైతే క్లిక్‌కి (కంప్యూటర్ కొట్టే టిక్‌టిక్ తాళం) బిగించకూడదు, ఊపు చచ్చిపోతుంది. క్లిక్ లేకుండా రికార్డుచేసి, టెంపో గీతల్నే (తెర మీద తాళాన్ని చూపేవి) దాని వెంట జరపాలి. మన జిల్లాల పిల్లలకు ఇది అచ్చంగా కలిసొచ్చే విద్య, ఈ శబ్దాలు పక్కూళ్లోనే దొరుకుతాయి కదా!

శ్రుతి, తాళం బలపడాలంటే 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల విజయనగరంలోనే ఉంది. చదువుతూనే నేర్చుకునే వీలుందేమో వెళ్లి కనుక్కోండి. బీకాం మాత్రం ఆపనివ్వకండి, మొదట్లో వచ్చే పని లఘుచిత్రాల డబ్బింగు, యూట్యూబ్ ఛానళ్ల ఆడియో శుభ్రం చేయడం లాంటిదే. దాని మీద ఇల్లు గడవదు.

స్పీకర్లు అన్నిటికన్నా ఆఖరున. బోసిగోడల చిన్నగదిలో బేస్ ఉన్నదున్నట్టు వినపడదు. అప్పటిదాకా మిక్స్‌ని హెడ్‌ఫోన్లలో ఒకసారి, ఫోను స్పీకర్లో ఒకసారి, ఆటోలో ఒకసారి విని సరిచేసుకోమనండి.