అమెరికా డెంటల్ ఇంటర్వ్యూకు వెళ్లే మన పిల్లలకు

ఈ సంక్రాంతికి హన్మకొండలో అమ్మ దగ్గర పది రోజులున్నాను. నేనూ ఇక్కడ బీడీఎస్ (దంతవైద్య డిగ్రీ) చదివి, అమెరికాలో డెంటల్ సీటు కోసం ఇంటర్వ్యూలకు వెళ్లినదాన్నే. నేను వచ్చానని తెలిస్తే బీడీఎస్ చదివిన పిల్లలు ఒకరిద్దరైనా ఇంటికి వస్తారు. ఈసారి పరకాల వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పెళ్లయి ఎనిమిది నెలలు. భర్త అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు, తనకూ వీసా వచ్చింది. చంకలో లావుపాటి ఫైలు. “అక్కా, మార్చిలో అక్కడి డెంటల్ కాలేజీల అప్లికేషన్లు మొదలవుతాయట. నన్ను ఒకసారి ఇంటర్వ్యూ చేసి చూడండి” అంది.

సరేనని మొదటి ప్రశ్న అడిగాను: డెంటిస్టు ఎందుకయ్యావు? వెన్ను నిటారుగా పెట్టి ఇంగ్లిషులో మొదలుపెట్టింది. చిన్ననాటి నుంచి కళలన్నా సైన్సన్నా ఇష్టమట, ఆ రెండూ కలిసే చోటు దంతవైద్యమట. మధ్యలో ఒక మాట మరిచిపోతే వెనక్కి వెళ్లి మళ్లీ మొదటి వాక్యం నుంచి అందుకుంది. ఇదే జవాబు నేను చాలామంది నోట విన్నాను. అక్కడ బల్లకు అవతల కూర్చునే ప్రొఫెసర్లు నాకన్నా ఎక్కువసార్లు విని ఉంటారు.

అమ్మ సకినాలు తెచ్చి పెట్టింది. ఒకటి విరుస్తూ ఆ అమ్మాయి తెలుగులోకి వచ్చేసింది. “హౌస్ సర్జెన్సీలో ఉన్నప్పుడు ఒక అవ్వకు కట్టుడు పళ్లు చేశానక్కా. కింది సెట్టు నిలిచేది కాదు. నాలుక కదిలితే చాలు, లేచి వచ్చేది. మూడుసార్లు కొలత తీశాను. నాలుగేళ్లుగా సకినాలు రోట్లో దంచుకుని తింటున్నానని ఆ అవ్వ చెప్పింది. సంక్రాంతి తర్వాత కొంగున రెండు సకినాలు కట్టుకుని వచ్చింది. వద్దంటున్నా వినకుండా, నేను నేర్పినట్టే చిన్న ముక్కలు చేసి, రెండు దవడలతో సమంగా నమిలి చూపించింది.”

ఇంత మంచి జవాబు నీ దగ్గర ఉండగా ఆ కళలూ సైన్సూ ఎందుకమ్మా అని అడిగాను. ఇది చిన్న సంగతి కదా అంది.

మన పిల్లల్లో చాలామందికి ఉన్న చిక్కు ఇదే కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. మన దగ్గర ర్యాంకు వస్తే సీటు వస్తుంది. కౌన్సెలింగ్ అంటే కాలేజీ ఎంచుకోవడమే. ఎంసెట్ రాసిన మా తరాన్నీ, నీట్ రాసిన మీ తరాన్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని “నువ్వెవరు” అని అడిగినవారు లేరు. అమెరికాలో సీటు ఆ ప్రశ్న మీదే తేలుతుంది. 2020 నుంచి అక్కడ డెంటల్ లైసెన్సుకు కావలసిన బోర్డు పరీక్షగా ఐఎన్‌బీడీఈ వచ్చింది. రెండు రోజులు, 500 ప్రశ్నలు. ఫలితంలో మార్కులుండవు, పాసో ఫెయిలో మాత్రమే చెబుతారు. అందరూ పాసైనవారే అయినప్పుడు కాలేజీ దేన్ని చూసి ఎంచుకుంటుంది? మీ దరఖాస్తును, మీ చేతి పనిని, మీ మాటను.

ముందు దారి ఏమిటో చెబుతాను. మన బీడీఎస్‌తో అక్కడ నేరుగా ప్రాక్టీసు చేయడానికి వీలులేదు. విదేశాల్లో చదివిన డెంటిస్టుల కోసం చాలా డెంటల్ కాలేజీలు రెండు నుంచి మూడేళ్ల కోర్సు నడుపుతాయి. అది పూర్తిచేస్తే అక్కడి విద్యార్థులకు ఇచ్చే డిగ్రీయే ఇస్తారు. ఆ డిగ్రీకి కొన్ని కాలేజీల్లో డీడీఎస్ అని, కొన్నిటిలో డీఎండీ అని పేరు. డీడీఎస్ మంచిదా, డీఎండీ మంచిదా అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. రెండూ ఒకటే. 1840లో బాల్టిమోర్‌లో మొదలైన కాలేజీ డీడీఎస్ ఇచ్చింది. 1867లో హార్వర్డ్ తన డిగ్రీకి లాటిన్‌లో పేరు పెట్టుకోవడంతో డీఎండీ వచ్చింది. చదువులో గానీ లైసెన్సులో గానీ తేడా లేదు.

దరఖాస్తులు ఎక్కువగా క్యాపిడ్ అనే ఒకే కిటికీ ద్వారా వెళ్తాయి. అది సాధారణంగా మార్చిలో తెరుచుకుంటుంది. గడువు ఒక్కో కాలేజీకి ఒక్కోలా ఉంటుంది. సీట్లు పదుల్లోనే ఉంటాయి కాబట్టి గడువు చివరి వారం దాకా ఆగడం మంచిది కాదు. వీసా మీద ఉన్నవారిని తీసుకుంటారో లేదో ప్రతి కాలేజీ నిబంధనల్లో చదివి, ఆ తర్వాతే ఫీజు కట్టండి.

అన్నిటికన్నా ఆలస్యమయ్యేది ట్రాన్‌స్క్రిప్టులు. మార్కుల పత్రాలు యూనివర్సిటీ నుంచే ఈసీఈ వంటి మూల్యాంకన సంస్థకు చేరాలి, మీరు తీసుకెళ్లి ఇస్తే చెల్లదు. వరంగల్‌లో కాళోజీ పేరిట ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చాక అందులో చేరినవారికి పని ఊళ్లోనే అవుతుంది. అంతకుముందు చేరిన మావంటివారు విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి వెళ్లాలి. విమానం ఎక్కాక ఈ పనికి నాన్నను తిప్పడం కన్నా, ఎక్కకముందే మీరు వెళ్లి పూర్తిచేసుకోవడం మేలు.

పేరు సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు. మన ఆడపిల్లలకు ఇలా మూడు పేర్లుంటాయి. పరీక్ష కేంద్రంలో చూపే గుర్తింపు కార్డు మీద ఎలా ఉందో, దరఖాస్తులోనూ అచ్చంగా అలాగే ఉండాలి. మిగతా కాగితాలన్నీ ఆ ఒక్క పేరుతో కలిసేలా ఇక్కడున్నప్పుడే సరిచేయించుకోండి. ఇంగ్లిషు పరీక్ష టోఫెల్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది, మరీ ముందు రాసి పెట్టుకోవద్దు.

భర్త ఉద్యోగ వీసాను బట్టి భార్యకు ఇచ్చే హెచ్4 వీసా మీద వెళ్లే చెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. పని అనుమతి రాకముందు ఏ క్లినిక్‌లోనూ జీతానికి చేరవద్దు. మనవాళ్ల క్లినిక్కే కదా, చేతికి డబ్బు ఇస్తామంటున్నారు కదా అని అసలే వద్దు. డాక్టరు అనుమతితో పక్కన నిలబడి చూడవచ్చు, దాన్ని షాడోయింగ్ అంటారు. నెలల తరబడి చూస్తే అక్కడి రోగి ఏమి అడుగుతాడో, డాక్టరు ఏ మాటతో జవాబిస్తాడో చెవికి ఎక్కుతుంది. మాటలూ మారతాయి: మనం పన్ను చెక్కే ఎయిరోటర్ అంటే అక్కడ హ్యాండ్‌పీస్, స్కేలింగ్ అంటే క్లీనింగ్, క్యాప్ అంటే క్రౌన్.

ఇక బెంచ్ టెస్టు, అంటే చేతి పని పరీక్ష. ప్లాస్టిక్ పళ్లు బిగించిన టైపోడాంట్ ఇచ్చి, క్రౌన్ కోసం పన్ను చెక్కమనో, క్లాస్ 2 కేవిటీ (రెండు పళ్లు ఆనుకునే వైపు ఫిల్లింగ్ కోసం తీసే గుంట) చేయమనో అడుగుతారు. కొన్ని చోట్ల మైనంతో పన్ను ఆకారం కట్టమంటారు. మన చేతులకు పనితనం ఉంది, అందులో నాకు అనుమానం లేదు. చిక్కు పనిముట్టుతో వస్తుంది. మనం నేర్చుకున్న ఎయిరోటర్ గాలితో తిరుగుతుంది. నొక్కితే వేగం తగ్గుతుంది కాబట్టి చేతికి కాస్త నొక్కే అలవాటు పడుతుంది. అక్కడ చాలా కాలేజీల్లో ఉండేది ఎలక్ట్రిక్ హ్యాండ్‌పీస్, నొక్కినా వేగం తగ్గదు. నేను మొదటిసారి పట్టుకున్నప్పుడు ఒకటిన్నర మిల్లీమీటర్ల లోతు అనుకున్నది క్షణంలో రెండు దాటింది. ప్లాస్టిక్ పన్నులో ఎనామిల్ అనే గట్టి పైపొర దాటి లోపలి డెంటిన్‌లోకి వెళ్లామని వేళ్లకు తెలియదు, అంతా ఒకే మెత్తదనం. ముందుగా ఎక్కడైనా కోర్సులో చేరో, కొనుక్కునో ఆ పనిముట్టుకు చేయి అలవాటు చేసుకోండి. పక్క పన్నుకు గీత పడితే మీ క్రౌన్ ఎంత అందంగా ఉన్నా మార్కులు పోతాయి. కూర్చునే తీరు, అద్దంలో చూసి చేయడం, కళ్లద్దాలు, మాస్కు, ఇవన్నీ చూస్తారు.

పన్ను సంఖ్యలు కూడా మారతాయి. మనకు 14 అంటే పై కుడి వైపు మొదటి ప్రీమోలార్. అక్కడ పై కుడి జ్ఞానదంతాన్ని 1గా పట్టి, పైవరస చుట్టి, కింది ఎడమ నుంచి కుడికి వచ్చి 32తో ముగిస్తారు. వాళ్ల లెక్కలో 14 అంటే పై ఎడమ వైపు మొదటి మోలార్. కంగారులో తప్పు పన్ను పట్టుకుంటే ఆ రోజు అంతటితో అయిపోయినట్టే. రోజూ పళ్లు తోముకునేటప్పుడు ఆ లెక్కలో ఎంచుకోండి, వారంలో వచ్చేస్తుంది.

మళ్లీ ఇంటర్వ్యూ దగ్గరికి వస్తాను. కొన్ని కాలేజీలు ఒకరిద్దరు ప్రొఫెసర్లతో కూర్చోబెడతాయి. మరికొన్ని ఎంఎంఐ పద్ధతి పాటిస్తాయి: వరుసగా కొన్ని గదులు, తలుపు మీద ఒక సందర్భం రాసి ఉంటుంది, చదువుకుని లోపలికి వెళ్లి మాట్లాడాలి. స్నేహితుడు పరీక్షలో చూసి రాస్తున్నాడు, ఏమి చేస్తావు? రోగి ఎక్స్‌రే వద్దంటున్నాడు, ఎలా మాట్లాడతావు? స్నేహితుడి మీద చెప్పడం ద్రోహమని మనం పెరిగాం, ఆ ప్రశ్నకు మన నాలుక తడబడుతుంది. ఆ తడబాటును దాచుకోకండి. ముందు అతనితోనే మాట్లాడతాను, తనంతట తాను చెప్పుకోవడానికి అవకాశం ఇస్తాను, అప్పటికీ చెప్పకపోతే నేను చెబుతాను, ఎందుకంటే రేపు అతని చేతికింద రోగి ఉంటాడు. ఇలా ఆలోచన అడుగడుగునా వినిపించాలి.

మనలో ఇంకో అలవాటు ఉంది. “మేము క్యాంపు పెట్టాం, మేము చికిత్స చేశాం” అంటాం. నేను అనడం గొప్ప చెప్పుకోవడమని ఇంట్లో నేర్పారు. అక్కడ వినేవారికి ఆ “మేము”లో మీరు కనిపించరు. అవ్వకు మూడుసార్లు కొలత తీసింది నువ్వే, కాబట్టి నేను అనే చెప్పు అని ఆ అమ్మాయికి చెప్పాను. అయితే రోగి పేరు, ఊరు మాత్రం బయటపెట్టకూడదు. రోగి గోప్యతను అక్కడ చాలా గట్టిగా పట్టించుకుంటారు.

నా మొదటి ఇంటర్వ్యూలో మీరు చేసిన తప్పు ఒకటి చెప్పండి అన్నారు. ప్రతిదీ మరీ పక్కాగా చేయాలనుకోవడమే నా తప్పని కంఠస్థం చేసిన జవాబు చెప్పాను. ఎదుటి మనిషి కలం ఆగిపోయింది. ఆ ఏడాది సీటు రాలేదు. మరుసటి ఏడాది ఇంకో చోట అదే ప్రశ్న వచ్చింది. హౌస్ సర్జెన్సీలో ఒక పిల్లవాడి పన్నులో పుచ్చు తీస్తూ తొందరపడి నరం దాకా వెళ్లాను. పుచ్చే అంత లోతుగా ఉందని అనబోయి ఆగాను. సీనియర్‌ను పిలిచి చూపించాను, బయట ఉన్న తండ్రికి నా తొందర వల్లే జరిగిందని చెప్పాను. పల్ప్ క్యాపింగ్ చేశాం, అంటే నరం మీద మందు పెట్టి మూశాం, తర్వాత నెలల పాటు పిల్లవాణ్ని పిలిచి చూశాను. ఇది చెప్పడం మొదలుపెట్టాక నాకు ఇంగ్లిషు వెతుక్కోవలసిన అవసరం రాలేదు. ఏ మందు పెట్టారు, ఎప్పుడు మళ్లీ చూశారు అని వాళ్లు అడుగుతూ పోయారు, నేను చెబుతూ పోయాను.

దరఖాస్తుతో పంపే వ్యాసాన్ని డబ్బిచ్చి రాయించుకోవద్దని అనేది కూడా ఇందుకే. అందులో ఉన్న దాని మీదే ప్రశ్నలు వస్తాయి. వేరొకరు పెట్టిన మాటకు మీ దగ్గర రెండో వాక్యం ఉండదు.

డబ్బు విషయం ఇంట్లో ముందే విప్పి మాట్లాడండి. చాలా చోట్ల కోర్సు మొత్తానికి ఫీజు లక్ష డాలర్లు దాటుతుంది, ఖర్చులు వేరు. అక్కడి బ్యాంకులు సాధారణంగా పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ ఉన్నవారి పూచీ అడుగుతాయి. ఆ పూచీ ఎవరిస్తారో తేలకుండా ఊళ్లో భూమి బేరం పెట్టకండి.

రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. అవ్వ కథ ఈసారి ఇంగ్లిషులో చెప్పింది, చిన్న చిన్న మాటలతో. కింది సెట్టు ఎందుకు లేచేది అని అడిగాను. ఎముక అరిగి చిగురు గట్టు పలచబడిందని, తను మొదట అంచును నాలుక కిందికి ఎక్కువ పొడిగించిందని, మూడోసారి అవ్వతో నాలుక ఆడిస్తూ కొలత తీశాకే కుదిరిందని చేత్తో చూపిస్తూ చెప్పింది. ఒక్కసారి కూడా వెనక్కి వెళ్లి మొదలుపెట్టలేదు.

ఫిబ్రవరిలో బయలుదేరుతోంది. ట్రాన్‌స్క్రిప్టులకు యూనివర్సిటీలో దరఖాస్తు ఇచ్చి వచ్చానని నిన్న ఫోను చేసింది.