45 దాటాక బరువులు మొదలుపెడితే కీళ్ళు అరిగిపోతాయా? దెబ్బ తగలకుండా ఏం జాగ్రత్త తీసుకోవాలి?

మీ ప్రశ్న కింద "ఇన్నాళ్ళూ ఏ వ్యాయామం చెయ్యలేదు, మెట్లెక్కుతుంటే మోకాళ్ళు కిర్రుమంటాయి, ఇంట్లోవాళ్ళు నడక చాల్లే అంటున్నారు" అని రాశారు కదా, అయిదేళ్ళ కిందట నా పరిస్థితి అచ్చం అదే. 46లో మొదలుపెట్టాను, ఇప్పుడు 51. కీళ్ళేం అరగలేదు. దెబ్బ మాత్రం తగిలింది, బరువులెత్తుతుంటే కూడా కాదు. ఆ సంగతే చెప్తాను, ఎందుకంటే మీ భయమంతా బరువు మీద ఉంది, నన్ను దెబ్బ తీసింది తొందర.

అది అయిదో నెల. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేని మనిషిని, అప్పటికి భుజాల మీద 30 కిలోల బార్ (బరువుల కడ్డీ) పెట్టుకుని స్క్వాట్లు, అంటే గుంజీల్లా కూర్చుని లేవడం, చేస్తున్నాను. ఒంట్లో అంత బలం ఎప్పుడూ చూడలేదు నేను. సరిగ్గా అప్పుడే నాతోపాటు నేర్చుకునేవాళ్ళలో ఒకామె స్కిప్పింగ్ ఛాలెంజ్ అంది, రోజుకి 100 గెంతులతో మొదలెట్టి నెలాఖరుకి 1000 చెయ్యాలని. నేను మొదటిరోజే 600 గెంతేశాను. ఆయాసం లేదు, కాళ్ళ నొప్పి లేదు. రెండోరోజు 800. మూడోరోజు పొద్దున మంచం దిగి ఎడమ కాలు నేల మీద మోపగానే మడమకి నాలుగు వేళ్ళ పైన, వెనకాల, పట్టకారుతో పట్టి లాగినట్టయింది. గోడ పట్టుకుని బాత్రూం దాకా వెళ్ళాను. చిత్రమేంటంటే పావుగంట అటూఇటూ తిరిగేసరికి నొప్పి పోయింది. అందరూ మోసపోయేది ఇక్కడే. పోయింది కదా అని సాయంత్రం మళ్ళీ 800.

వారం తిరిగేసరికి మెట్లు పక్కకి తిరిగి, రెయిలింగ్ పట్టుకుని, ఒక్కొక్కటే దిగుతున్నాను. తడిమి చూస్తే ఆ చోట గట్టిగా ముడిలా తగిలింది, నొక్కితే ప్రాణం పోయేది.

ఇక సలహాలు మొదలయ్యాయి. ఒకరు నరం పట్టేసిందన్నారు, ఒకరు నరం మీద నరం ఎక్కిందన్నారు, ఇంకొకరు నరాల బలహీనత అని బీ12 మాత్రలు తెచ్చిచ్చారు. ఈ మాట దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. మనకి రక్తం మోసే గొట్టమూ నరమే, మెదడు నుంచి కబురు తెచ్చే తీగా నరమే, కండని ఎముకకి కట్టి ఉంచే తాడూ నరమే. మూడిటికీ ఒకటే పేరు పెట్టుకుంటే వైద్యం కూడా కలగాపులగమే అవుతుంది. నాకు దెబ్బతిన్నది ఆ తాడు, టెండన్. స్కూలు పుస్తకాల్లో స్నాయుబంధనం అని చదువుకున్నాం, పరీక్ష రాసి మర్చిపోయాం. దానికి బీ12తో ఏం పని చెప్పండి!

అందరూ ఒప్పుకున్న మాట ఒక్కటే, విశ్రాంతి. ఆరు వారాలు కాలు కదపలేదు. నొప్పి పోయింది, ఎంత సంతోషపడ్డానో. ఏడో వారం మామూలుగా ఒక అరగంట నడిచొచ్చాను, మర్నాడు పొద్దున మళ్ళీ అదే పట్టకారు.

అప్పుడు వెళ్ళాను ఫిజియోథెరపిస్టు దగ్గరికి. చిన్నమ్మాయి, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. స్కాన్లూ గీన్లూ ఏం అడగలేదు. గోడకి వేళ్ళు ఆనించి ఒంటికాలి మీద నిలబడి మునివేళ్ళ మీద లేవమంది. కుడికాలితో 22 సార్లు లేచాను. ఎడమకాలితో ఆరు. ఏడోసారి మడమ లేవనే లేదు, నొప్పి వల్ల కూడా కాదు, అక్కడ శక్తి లేదంతే. "ఆంటీ, ఆరు వారాల రెస్ట్‌లో నొప్పితోపాటు బలమూ పోయింది, ఇప్పుడు మీ నడకే దానికి ఎక్కువ బరువు" అంది. ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది.

తర్వాత నేనే కూర్చుని చదువుకున్నాను. మొదటి కొన్ని వారాల్లో మనకొచ్చే బలంలో ఎక్కువ భాగం మెదడు కండల్ని బాగా వాడుకోవడం నేర్చుకోవడం వల్ల వస్తుంది, తర్వాత కండ పెరుగుతుంది, టెండన్ గట్టిపడటం వీటన్నిటికంటే నెమ్మది, దానికి రక్తం సరఫరా తక్కువ. 2013లో డెన్మార్క్ పరిశోధకులు ఒక విషయం తేల్చారు, 1950లు 60ల్లో జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాల్లో పెరిగిన కార్బన్-14 జాడ టెండన్‌లో ఎంత ఉందో చూస్తే మడమ టెండన్ నడిభాగం సుమారు 17 ఏళ్ళ వయసుకే తయారైపోతుందట, ఆ తర్వాత కొత్తది దాదాపు పుట్టదట. అంటే నా 46 ఏళ్ళ కాలిలో ఉన్న తాడు నా చిన్నప్పటిదే. దాన్ని ఒక్కరోజులో సున్నా నుంచి 600 గెంతులకి లాగాను.

మరి వైద్యం ఏంటంటే బరువే. స్వీడన్‌లో హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అని ఒక ఎముకల డాక్టరు, ఆయనకీ ఇదే నొప్పి. ఆపరేషన్ చెయ్యమంటే పైవాళ్ళు ఒప్పుకోలేదట, సరే నొప్పి ఇంకా ముదిరితే అప్పుడైనా చేస్తారు కదా అని బరువు మోస్తూ మడమ దించే వ్యాయామం మొండిగా చేశాడట, ముదరాల్సింది కాస్తా తగ్గిపోయింది. 1998లో 15 మంది రోగుల మీద 12 వారాల ఫలితాలు ప్రచురించాడు, 15 మందీ మళ్ళీ పరిగెత్తారు. పద్ధతి ఏంటంటే మెట్టు అంచున నిలబడి మడమని నెమ్మదిగా కిందికి దించడం, మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున మూడుసార్లు, కొంచెం వంచి ఇంకో మూడుసార్లు, పొద్దునా సాయంత్రమూ. రోజుకి 180. అలవాటయ్యాక వీపున సంచీ తగిలించుకుని బరువు పెంచడం.

నేను మా పిల్లాడి స్కూల్ బ్యాగులో పుస్తకాలు నింపి చేశాను. మొదటి రెండు వారాలు నొప్పి తగ్గలేదు సరికదా ఒకరోజు పెరిగింది, ఫోన్ చేసి "ఆపెయ్యనా అమ్మా" అంటే "పదికి అయిదు దాటకుండా ఉండి, మర్నాడు పొద్దుటికి మామూలైపోతుంటే ఆపొద్దు ఆంటీ" అంది. అప్పటి నుంచి మంచం పక్కన ఒక నోట్‌బుక్. పొద్దున మొదటి అడుగు నొప్పి ఎంతో ఒక అంకె. 5, 5, 6, 4, 5, 4. పదకొండో వారంలో మొదటిసారి సున్నా రాశాను, దాని చుట్టూ గీసిన గీత ఇప్పటికీ ఉంది. ఇప్పుడు ఎడమకాలితో 25 లేస్తాను, కుడికాలి కంటే అదే గట్టిది.

ఇందులో జాగ్రత్త ఒకటుంది, నొప్పి సరిగ్గా టెండన్ మడమ ఎముకకి అంటుకునే చోట ఉంటే మెట్టు అంచు నుంచి కిందికి దించకూడదు, నేల మీదే చెయ్యాలి. టప్ మని చప్పుడొచ్చి మునివేళ్ళ మీద అసలు లేవలేకపోతే అది తెగినట్టే అనుకుని అదేరోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఇంకోటి, సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ రకం యాంటీబయాటిక్స్ వాడుతున్నప్పుడు గెంతులూ బరువులూ మొదలుపెట్టకండి, వాటివల్ల టెండన్లు తెగే ప్రమాదం ఉందని అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే మందు సమాచార పత్రంలో గీతల పెట్టె కట్టి మరీ హెచ్చరిక వేయించింది. మందు రాసిచ్చేటప్పుడు ఈ మాట చెప్పేవాళ్ళు ఎంతమంది?

కీళ్ళు అరుగుతాయా అనేగా మీరడిగింది. మోకాలి మృదులాస్థికి, అంటే అరిగిపోతుందని మనం భయపడే ఆ మెత్తటి పొరకి, రక్తనాళాలు లేవు, కీలు మీద బరువు పడి తీసినప్పుడల్లా స్పాంజిలా ద్రవం పీల్చుకునే బతుకుతుంది. కదలకపోతే దానికి తిండి తగ్గుతుంది. కిర్రుమనే చప్పుడుకి నొప్పీ వాపూ తోడులేకపోతే పట్టించుకోకండి, నాకు ఇప్పటికీ కిర్రుమంటాయి. నడక చాల్లే అనేవాళ్ళకి ఒక మాట చెప్పండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల నడక లాంటి వ్యాయామంతోపాటు కనీసం రెండు రోజులు కండలకి పని పెట్టమని విడిగా రాసింది. వయసైపోయింది అంటారా, 1990లో అమెరికాలో మరియా ఫియాటరోనే అనే డాక్టరు వృద్ధాశ్రమంలో ఉన్న తొంభై ఏళ్ళవాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించింది, వాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ళండీ!

నా పద్ధతి చెప్తాను. పది సార్లు ఎత్తాల్సిన చోట పన్నెండు వస్తే, అదీ వరుసగా రెండు రోజులు వస్తేనే బరువు పెంచుతాను, అది కూడా ఉన్నదాంట్లో చిన్న ముక్క. కొత్తది ఏదైనా, గెంతడమైనా పరుగైనా, చెయ్యగలననుకున్నదాంట్లో మూడోవంతుతో మొదలెట్టి రెండు వారాలు అక్కడే ఉంటాను. ఊపిరి బిగపట్టకుండా లేచేటప్పుడు వదులుతాను. చేసిన మర్నాడు, ఆ మర్నాడు కండల్లో సలుపు మామూలే, రెండు కాళ్ళకీ సమానంగా ఉంటుంది. ఒకే చోట, వేలితో చూపించగలిగేలా, పొద్దున మొదటి అడుగులో పట్టేది వేరు. దాన్ని మొదటిరోజే నమ్మండి, నాలాగా సాయంత్రం మళ్ళీ గెంతకండి.

మీరు ఈ వారం జిమ్‌కి కూడా వెళ్ళక్కర్లేదు. గట్టి కుర్చీ ఒకటి గోడకి ఆనించి పెట్టుకుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెట్టి ఒక కాగితం మీద రాయండి. ఆ అంకె ఇక్కడ చెప్పండి, తర్వాత ఎంత పెంచాలో చూద్దాం.