ఎర్ర ఓణీ చూసిన కుక్క

అమ్మాయీ,

పిల్లని వెతుక్కుంటూ వెళ్ళిన కుక్క మీద నువ్వు రాసిన కథ అందింది. గడప దగ్గర వదిలేసిన చెప్పుని కుక్క మడమ దగ్గరొకసారి, బొటనవేలి గుంట దగ్గరొకసారి వాసన చూసి వీధిలోకి నడిచిందన్న వాక్యం బాగుంది. ఇక తిట్లు.

బస్టాండు అవతల నుంచి ఎర్ర ఓణీ కనబడగానే నీ కుక్క ఆ పిల్లని పోల్చుకుందా! రంగులు పట్టే కణాలు మన కంట్లో మూడు రకాలు, కుక్క కంట్లో రెండే. నీలం, పసుపు దానికి బాగానే తెలుస్తాయి. ఎరుపు మాత్రం మట్టి రంగులో కలిసిపోతుంది. "కథే కదండీ" అంటావేమో, కథ గనకే ఇంత కోపం. నీ కళ్ళు తీసి కుక్కకి పెట్టాక ఇక అది ఏం ఆలోచించినా నీ ఆలోచనే అవుతుంది. డీజిలు పొగ, పకోడీల నూనె, చేపల గంపల కంపు, వందమంది చెమట... ఇన్నిటి మధ్య ఒక్క పిల్ల వాసన గాలిలో తేలి వచ్చింది. అప్పుడు కుక్క ఏం చేస్తుంది? కాసిని అడుగుజాడలు దొరికితే చాలు, మనిషి ఎటు వెళ్ళాడో తేల్చుకోగల కుక్కలున్నాయి. ఆ వెతుకులాటే నీ కథ. దాన్ని వదిలేసి ఓణీ పట్టుకున్నావు.

బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం ఉండేది. లెక్క అడిగితే గిట్టతో తట్టి జవాబు చెప్పేది. 1904లో పెద్దలంతా కూర్చుని పరీక్షించి, ఇందులో మోసమేమీ లేదన్నారు. తర్వాత మనస్తత్వ పరిశోధకుడు ఆస్కార్ ఫుంగ్‌స్ట్ గుట్టు పట్టుకుని 1907లో బయటపెట్టాడు. అడిగేవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలిసేది కాదు. సరైన అంకె రాగానే అడిగినవాడి తల తనకే తెలియకుండా రవ్వంత కదిలేది. అది చూసి గుర్రం తట్టడం ఆపేసేది. లెక్కలు రాని గుర్రమని లోకం నవ్వింది. పెద్దలంతా కూర్చుని కనిపెట్టలేని కదలికని కనిపెట్టిన గుర్రం కదా అది! కూడికలు చేసే గుర్రం నాకెందుకు?

నేనూ ఒకప్పుడు గేదె మీద కథ రాశాను. అమ్మేసిన గేదె పలుపు తెంపుకుని, కాలవ గట్టు పట్టుకుని పాత కొట్టానికి తిరిగి రావడం, అంతే కథ. దాని బుర్రలో ఒక్క మాట కూడా పెట్టలేదు. "గేదె మనసులో బాధ ఏదండీ?" అని రాసి ఒక సంపాదకుడు తిప్పి పంపాడు. ఇంకొకాయన వేసుకున్నాడు గానీ, చివర్లో "మనుషులకన్నా పశువులే నయం" అని సొంత వాక్యం ఒకటి అతికించాడు. ఉత్తరాలు రాసినవాళ్ళంతా ఆ వాక్యాన్నే మెచ్చుకున్నారు! ఆయన పోయాడు, నా కోపం పోలేదు. ఇప్పటి కథల పోటీల వరసా అదే. కుక్క ఏడవాలి, చదివేవాడు ఏడవాలి, బహుమతి ఇచ్చేవాడు కళ్ళు తుడుచుకోవాలి.

కలం పేరు గురించీ, సంపుటి గురించీ అడిగావు. అవన్నీ తర్వాత. ముందు మీ వీధి కుక్క వెనకాల ఒక సాయంత్రం నడువు. ఏ స్తంభం దగ్గర ఆగిందో, దేన్ని పట్టించుకోకుండా దాటేసిందో, గాలి మళ్ళినప్పుడు తల ఎటు తిప్పిందో రాసుకో. కథ తిరగరాసి పంపు. అందులో "విశ్వాసం" అన్న మాట ఎక్కడ కనబడితే అక్కడే చదవడం ఆపేస్తాను.