బెజియర్ టూల్ పక్కన పెట్టి చూడండి

ప్రశ్న: బీకాం అయ్యాక ఒంగోలులో ఒక ఫ్లెక్సీ షాపులో చేరాను. డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రా వచ్చు గానీ, పెళ్లి బోర్డులో ఒక పద్మం, ఒక తోరణం గీసేసరికే గంట దాటుతోంది. ఓనరు గారు స్పీడు లేదంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఉద్యోగం మానేసి హైదరాబాద్‌లో గ్రాఫిక్ డిజైన్ కోర్సు చేయమంటారా?
– ఒక యువతి, చీమకుర్తి

జవాబు: ఇప్పుడే మానకండమ్మా. కనిపించిన ప్రతి అంచునూ మీరు బెజియర్ టూల్‌తో, అంటే ఒక్కో బిందువూ పెట్టి వంపు గీతలు గీసే పనిముట్టుతో, చుట్టి వస్తున్నట్టున్నారు. అలా చేస్తే ఎంత చేయి తిరిగినవాళ్లకైనా ఆలస్యమే.

పద్మమే తీసుకోండి. కంట్రోల్ పట్టుకుని ఒక వృత్తం గీసి, ప్లస్ కీ నొక్కండి. దాని మీదే ఇంకొకటి వస్తుంది. దాన్ని కొంచెం పక్కకు జరిపి, రెండూ సెలెక్ట్ చేసి, అవి కలిసిన భాగాన్ని విడిగా ఇచ్చే ఇంటర్‌సెక్ట్ కొట్టండి. రెండు కొసలూ తేలిన రేకు తయారు. వృత్తాలు తీసేయండి. రేకు మీద రెండోసారి క్లిక్ చేస్తే మధ్యలో తిరిగే బిందువు కనిపిస్తుంది, దాన్ని కింది కొసకు లాగండి. ఇక ట్రాన్స్‌ఫార్మ్‌లో రొటేట్‌కు వెళ్లి 45 డిగ్రీలు, కాపీలు 7 ఇస్తే ఎనిమిది రేకుల పువ్వు. పన్నెండు రేకులు కావాలంటే 30 డిగ్రీలు, 11 కాపీలు.

తోరణం సగమే గీయండి. కంట్రోల్ పట్టుకుని ఎడమ హ్యాండిల్‌ను కుడి అంచు దాటించి, మౌస్ వదిలేముందు రైట్ క్లిక్ కొడితే రెండో సగం అద్దంలో చూసినట్టు వచ్చేస్తుంది. ఆ రెంటినీ వెల్డ్ చేయండి, అంటే ఒకే ఆకారంగా కలిపేయండి.

ఈ వెల్డ్ దగ్గర బద్ధకం వద్దు. ఫ్లెక్సీ ప్రింటులో తేడా తెలియకపోవచ్చు గానీ, స్టిక్కర్ కటింగ్ ప్లాటర్ బ్లేడు ప్రతి గీత వెంటా పోతుంది. ఒకదాని మీద ఒకటి పడ్డ చోట అక్షరం మధ్యలోనే తెగుతుంది. మీ ఊరి బ్లాక్ గెలాక్సీ రాయి మీద పేర్లు చెక్కే మెషిన్‌కు ఇలాంటి ఫైలు వెళ్తే, పాడైన పలక మళ్లీ రాదు. అందుకే శుభ్రమైన వెక్టర్ ఫైలు (చుక్కలుగా కాక గీతలుగా ఉండే బొమ్మ) ఇవ్వగలిగినవాళ్లకు ఫ్లెక్సీ షాపుల బయట కూడా పని ఉంటుంది.

అను తెలుగు ఫాంట్లతో చేసిన ఫైలు బయటికి పంపేటప్పుడు కంట్రోల్ క్యూతో అక్షరాలను కర్వ్స్‌గా, అంటే మామూలు గీతల ఆకారాలుగా మార్చండి. ఆ తర్వాత అక్షరాలు దిద్దలేం కాబట్టి అసలు ఫైలు విడిగా దాచుకోండి.

ఇంట్లో ప్రాక్టీసుకు కోరల్‌డ్రా లాంటి సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ ఉచితం. 2023లో వచ్చిన 1.3 వెర్షన్ నుంచి అందులో షేప్ బిల్డర్ కూడా ఉంది. అడోబీ వాళ్ల డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇల్లస్ట్రేటర్‌లో అదే పేరుతో 2010 నుంచీ ఉన్న టూల్ లాంటిదే. కలిసిన ఆకారాల్లో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో మౌస్‌తోనే తేల్చేయవచ్చు.

కోర్సు సంగతికొస్తే, లేఅవుట్, రంగులు, అక్షరాల అమరిక మీ అంతట మీకు పట్టుబడటం లేదనిపిస్తే అప్పుడు ఆలోచిద్దాం. ఒక్క స్పీడు కోసమైతే ఆ ఫీజు కట్టొద్దు. ఈలోగా మీరు చేసిన పువ్వులు, తోరణాలు, కలశాలు అన్నీ ఒక ఫోల్డర్‌లో వేస్తూ ఉండండి. వచ్చే పెళ్లిళ్ల సీజన్‌కు అందులోంచి తీసి రంగు మార్చుకుంటే చాలు.