బడిలో అడుగుపెట్టే ముందు

బుజ్జీ,

అత్తయ్య దీవెనలు. నిన్న ఆరాధన అయ్యాక మీ నాన్న చెప్పాడు, మీ చర్చి యూత్ వాళ్లు శనివారాలు బస్తీలోని సర్కారు బడికి వెళ్లి పిల్లలకు చదువు చెప్పబోతున్నారని, ముందు నిలబడింది నువ్వేనని. గర్వంగానే ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. రిటైరయ్యేదాకా సికింద్రాబాదు బడుల్లో సుద్దముక్క పట్టినదాన్ని, ఊరుకోలేను.

అనుమతి కోసం హెచ్.ఎం. గారికో అర్జీ, జిల్లా విద్యాధికారి డీఈఓ ఆఫీసుకో అర్జీ, రెండూ కాగితం మీద ఉండాలి. రెండో శనివారం బడికి సెలవు.

ఐదో తరగతి అన్న మాటను నమ్మి పాఠం మొదలుపెట్టకు. ఇంట్లో హిందీయో లంబాడీయో మాట్లాడే పిల్ల, 2022 నుంచి ఇంగ్లిషు మీడియం పుస్తకం ముందేసుకుని కూర్చుంటోంది. పాఠం గడగడా అప్పజెప్పేస్తుంది, వేలు పెట్టి ఒక్క మాట చదవమంటే నీ మొహం చూస్తుంది. అక్కణ్ణుంచి మొదలుపెట్టు. గుణింతాలు రానివాడికి గుణింతాలే, పక్కవాడు వినకుండా.

ఇక నన్ను పడుకోనివ్వని సంగతి. మా బడికి ఒకప్పుడు ఓ సంఘం నుంచి ఇంజనీరింగ్ కుర్రాడొకడు వచ్చేవాడు. పాటలు పాడేవాడు, క్రికెట్ ఆడించేవాడు. నాలుగో తరగతిలో ఒక పిల్లాడు, తండ్రి లేడు, తల్లి మోండా మార్కెట్‌లో కూరగాయలమ్మేది. ఎవరు పిలిచినా పలకనివాడు ఈ సార్‌కి మాత్రం అంటుకుపోయి కూర్చునేవాడు. భాగహారం అతని దగ్గరే నేర్చుకున్నాడు. 'నేను నీకు అన్ననిరా, ఎప్పుడూ ఉంటా' అనేవాడు ఆ అబ్బాయి. అబద్ధమాడే మనిషి కాదు, ఆ పూటకు నిజమే. సంక్రాంతి తర్వాత బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. చెబితే పిల్లలు ఏడుస్తారని చెప్పకుండానే వెళ్లిపోయాడట.

ఆ శనివారం ఆ పిల్లాడు తలకు నూనె రాసుకుని, పాపిడి తీసుకుని వచ్చి గేటు దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే 'సార్ వస్తడు' అన్నాడు. అన్నం గంట కొట్టినా కదల్లేదు. పై వారమూ అంతే. మరుసటేడు ఇంకో బృందం వచ్చింది. ఒకమ్మాయి వాడి నోటుబుక్కు తెరవబోతే వాడు దాని మీద చెయ్యి వేసి, 'నువ్వెన్ని రోజులుంటవ్ మేడం?' అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. ఆ పిల్ల దగ్గర జవాబు లేదు.

అందుకని మొదటి వారమే చెప్పు: 'ఏప్రిల్ దాకా వస్తా. జూన్‌లో మళ్లీ వచ్చేదీ లేనిదీ మార్చిలోనే చెప్తా.' రాలేని శనివారం ముందు వారమే చెప్పు. మీ అమ్మ సంబంధాలు చూస్తోందని నాకు తెలుసు, అదీ లెక్కలో వేసుకో. నీ చోటికి వచ్చేవాళ్లను నువ్వుండగానే తెచ్చి పిల్లల పక్కన కూర్చోబెట్టు.

ప్రార్థన గేటు బయటే ముగించుకుని లోపలికి వెళ్లండి. పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. చట్టం మాట అటుంచు, 'మా పిల్లను మతం మార్చడానికొచ్చారు' అని ఒక తల్లికి అనుమానం వస్తే ఆ పిల్ల చదువే ఆగుతుంది. చిరిగిన చొక్కాల పిల్లల మధ్య నవ్వుతూ ఫొటో దిగి స్టేటస్ పెట్టావో, నా గడప తొక్కకు.

తలుపేసిన గదిలో ఏ పిల్లతోనూ మీలో ఎవరూ ఒంటరిగా కూర్చోవద్దు. వరండా ఉంది. ఏ పిల్లయినా తనకు జరుగుతున్న ఘోరం చెప్పుకుంటే, 'ఎవరికీ చెప్పను' అని మాటివ్వకు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పితీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఫోనులో వేసుకో. ముందు పెద్దల్లో పెట్టి మాట్లాడదాం, పాస్టరుగారిని అడుగుదాం అని వాయిదా వేయకండి. సంఘాల్లో ఆ అలవాటుంది, నేను చూశాను.

కోప్పడకు తల్లీ. వీబీఎస్‌లో, అదే చర్చి వేసవి బైబిలు బడిలో, ఊరి పిల్లలందర్నీ చంకనేసుకుని తిరిగినదానివి. పిల్లలు నీకు ఇట్టే మాలిమి అవుతారు. నా భయమంతా అందుకే.

అర్జీ రాసి, ఇచ్చే ముందు నాకు చూపించు. నీ ఒత్తులు నాకు తెలుసు. పైన చర్చి బొమ్మ మరీ పెద్దగా వేయకు.

మీ అత్తయ్య